కొత్తపేటలో యూదుడు ఓడిపోలేదండి

బైబిలు పాఠశాలల్లో పాఠం చెప్పడానికి ఈ ఏడాది కొత్తగా చేరబోతున్న తమ్ముళ్ళకీ చెల్లెళ్ళకీ వందనాలు.

కొత్తపేట నుంచి పలివెల వెళ్ళే దారిలో, కొబ్బరితోటల మధ్య ఉన్న ఒక చిన్న బైబిలు పాఠశాలలో నేను ఇరవై ఏళ్ళకు పైగా పాఠాలు చెప్పాను. యూదులు ఎదురుచూసే రక్షకుడు, ఆ మెస్సీయ, యేసే అని మనం అంటాం. కాదని యూదులంటారు. ఎందుకు కాదంటారో, దానికి మనం ఏం చెప్పాలో పాస్టర్లు కాబోయే కుర్రాళ్ళకి నేర్పడం నా ఉద్యోగం. ఇందులో నవ్వొచ్చే సంగతి ఏమిటంటే, నా ఉద్యోగంలో ఎక్కువ భాగం నేను ఒక్క యూదుణ్ణి కూడా చూడలేదు. మా కుర్రాళ్ళూ చూడలేదు. రాజోలులోనో అంబాజీపేటలోనో పాస్టరుగా కుదురుకునే కుర్రాడికి జీవితమంతా వెతికినా యూదుడు తగలడు. అయినా ఏటా పరీక్ష పెట్టేవాణ్ణి. ఏటా అందరూ యూదుల మీద గెలిచేవారు.

గొంతులో బుడిపెలు వచ్చాయి, మాట తగ్గించమని కాకినాడ డాక్టరు గారు చెప్పడంతో కాస్త ముందుగానే పని మానేశాను. మా ఆవిడ కరుణ మాత్రం, "పెళ్ళైన దగ్గర్నుంచీ నేను చేస్తున్న ప్రార్థన అది. ఇన్నాళ్ళకి ఆలకించేడు" అంటుంది.

ఎప్పుడు చేరాను, జీతం ఎప్పుడు పెరిగింది, ఏ కమిటీలో ఉన్నాను లాంటివి రాయను. అవి చదివి బాగుపడినవాణ్ణి నేను చూడలేదు. మీకు పనికొచ్చే సంగతులు రాస్తాను. వాటితో పాటు ఒక అబద్ధాన్ని సరిదిద్దాలి. కొత్తపేట సభల్లో ఒక యూదుడు ప్రకాశరావు మాస్టారితో వాదించి, ఓడిపోయి, మర్నాడే కాలవలో బాప్తిస్మం తీసుకున్నాడని మీలో చాలామంది విన్నారు. కొందరు ఫోనులో చూశారు కూడా. ఆ ప్రకాశరావుని నేనే. అలా జరగలేదు.

పీచు గడ్డం

వేసవి సెలవులకి ముందు ఏటా మా పాఠశాల సభలు జరిగేవి. రెండో రోజు సాయంత్రం 'జవాబుల కూటం' అని ఒకటి ఉండేది. ఆఖరి సంవత్సరం కుర్రాళ్ళలో ఒకడు యూదుడి వేషం వెయ్యాలి. గడ్డానికి కొబ్బరిపీచు, భుజాన మా ఆవిడ శాలువా. వాడు స్టేజి మీద ప్రశ్నలు అడుగుతాడు, నేను జవాబులు చెబుతాను. చివర్లో వాడు తల వంచుకుని, "అయ్యా, నా కళ్ళు తెరుచుకున్నాయి" అనాలి. ఆ మాట వినగానే నేను చెయ్యెత్తితే, గాయక బృందం పాట అందుకోవాలి. జవాబులు నావే, ప్రశ్నలూ నేను రాసినవే. అందుకని ఏనాడూ ఓడిపోలేదు.

జనానికి ఆ కూటమంటే భలే ఇష్టం. పీచు దురదకి మా యూదుడు దవడలు గోక్కుంటూ ఉంటే, ముందు వరసలో ఒక పెద్దాయన పక్కవాడితో, "చూసేవా, మనస్సాక్షి గుచ్చుతోంది" అనడం నేను చెవులారా విన్నాను.

ఒక ఏడాది ఆ వేషం సుందర్‌పాల్ అనే కుర్రాడికి వచ్చింది. మెతకగా మాట్లాడతాడు, పుస్తకం మాత్రం గట్టిగా చదువుతాడు. రిహార్సల్లో నేను రాసిచ్చిన ప్రశ్న పక్కన పెట్టి తన ప్రశ్న అడిగాడు.

"మాస్టారూ, యెషయా గ్రంథం యాభై మూడో అధ్యాయంలో బాధపడే సేవకుడు యేసు ప్రభువే అంటున్నాం కదండీ. మరి అదే పుస్తకం నలభై ఒకటిలో, నలభై నాలుగులో నా సేవకుడు ఇశ్రాయేలు అని దేవుడే పేరు పెట్టి పిలిచేడు కదండీ. అక్కడ సేవకుడు జాతి అయితే, ఇక్కడికొచ్చేసరికి ఒక మనిషి ఎలా అయిపోయేడండీ?"

"అది మన స్క్రిప్టులో లేదు కదా బాబూ."

"యూదుడి దగ్గర మన స్క్రిప్టు ఉండదు కదండీ."

తరగతి అంతా నవ్వింది. నాకు కోపం వచ్చింది. గడ్డం తీసి ఇంకొకడికి పెట్టాను. ఆ ఏడాది సుందర్‌పాల్‌కి నా పాఠంలో అందరికంటే తక్కువ మార్కులు వేశాను.

అప్పటి మా ప్రిన్సిపాలు జ్ఞానరత్నం అయ్యగారు. పరిపాలన ఆయనకి చేతకాదని నిర్మొహమాటంగా చెప్పాలి. ఆయన ఉన్నన్నాళ్ళూ వర్షాకాలంలో తరగతి గదుల్లో బకెట్లు పెట్టుకునే పాఠం చెప్పాం. కానీ మనిషిని చదవడం తెలుసు. నన్ను పిలిచి టీ తెప్పించారు.

"ఏమండీ ప్రకాశరావు గారూ, ఆ అబ్బాయి అడిగినదానికి జవాబు ఉందాండీ మీ దగ్గర?"

"ఆయ్, ఉందండి."

"చెప్పేరా?"

"వెతకాలండి."

"అలాగా. మరి జవాబు తెలియనివాళ్ళకి కదండీ మార్కులు తగ్గించాలి? ఇప్పుడు ఎవరికి తగ్గించమంటారు?"

అని టీ తాగేశారు. మార్కులు మార్చమని మాత్రం చెప్పలేదు, అది నాకే వదిలేశారు. నేను మార్చలేదు. ఆయన మంచి బాసు, నేను మంచి గుమాస్తాని కూడా కాదు.

గడ్డం లేని యూదుడు

గుంటూరు వైపు పల్లెల్లో కొద్దిపాటి తెలుగు కుటుంబాలు తాము యూదులమని చెప్పుకుని, శనివారం పాటిస్తూ బతుకుతున్నాయని అప్పటికి నేను ఎక్కడో విన్నాను, పట్టించుకోలేదు. దానియేలు గారు ఆ కుటుంబాల్లో ఒకాయన. జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్పే లెక్చరరు. బదిలీ మీద మా వైపు వచ్చి, కొత్తపేటలో గది తీసుకుని ఒంటరిగా ఉండేవారు. సాయంత్రం పూట తోచక, మైకులో యూదుడు యూదుడు అని వినపడి మా సభకి వచ్చారు.

జవాబుల కూటం అయిపోయాక, "ఎవరికైనా సందేహాలుంటే అడగవచ్చు" అనడం నాకు అలవాటు. ఎవరూ అడగరు, అందుకే అనేవాణ్ణి. ఆ రోజు నడివయసాయన ఒకరు, చొక్కా టక్ చేసుకున్నాయన, వెనక నుంచి నడుచుకుంటూ వచ్చి మైకు అందుకున్నారు.

"నేను యూదుణ్ణండి" అన్నారు.

జనం చప్పట్లు కొట్టేశారు. "ఈసారి ఇద్దర్ని పెట్టేర్రోయ్!" అని ఎవరో కేకేశారు. "పాపం ఈయనకి గడ్డం మర్చిపోయేరు" అని ఒక ముసలమ్మ జాలిపడింది. ఆయనా నవ్వేసి, నా వైపు తిరిగారు.

"మెస్సీయ వచ్చాక జనం కత్తులు కరగ్గొట్టి నాగళ్ళు చేసుకుంటారని, యుద్ధం నేర్చుకోవడం మానేస్తారని యెషయా ప్రవక్త రాశాడు గదండీ. మానేశారా?"

"మానలేదండి."

"మరి వచ్చేశాడని ఎట్టా అంటారు?"

"మొదటి రాకడలో మన పాపాల కోసం వచ్చేరండి. రెండో రాకడలో ఆ శాంతి సమాధానం స్థాపిస్తారండి." ఇది నేను వేలసార్లు చెప్పిన జవాబు.

ఆయన ఏటి వైపు తల తిప్పి చూపించారు. "మీ పాయ మీద వంతెన కడతానని ఒక కాంట్రాక్టరు వచ్చాడనుకోండి. ఈ గట్టున కొబ్బరికాయ కొట్టాడు. మళ్ళీ వచ్చి కడతానని చెప్పి వెళ్ళాడు. మీరు వంతెన అయిపోయిందని రిబ్బను కత్తిరిస్తారా, పంటు ఎక్కి అవతలికి పోతారా?"

సభ సభంతా గొల్లుమంది. పంటు పడవల మీద ఏరు దాటుతూ, వంతెన కోసం తరాలుగా ఎదురుచూసిన జనం మేము. కాంట్రాక్టర్ల సంగతి మాకు ఒకరు చెప్పాలా? ఆ నవ్వులో నా బుర్ర ఖాళీ అయిపోయింది. ఆయన ఇంకా ఏదో అడగడానికి మైకు దగ్గరగా పెట్టుకున్నారు.

అప్పుడు నేను గాయక బృందం వైపు తిరిగి చెయ్యెత్తాను.

వాళ్ళకి అదే గుర్తు. కీబోర్డు, డోలకు, చప్పట్లు, పాట. దానియేలు గారు కాసేపు మైకు పట్టుకుని నిలబడి, మర్యాదగా కింద పెట్టేసి, వెళ్ళి కూర్చున్నారు. చూసేవాళ్ళకి యూదుడు నోరు మూసుకుని వెనక్కి వెళ్ళినట్టే కనిపించింది. ఓటమి అని మీరు విన్నది అదే.

సిగ్గుపడి ఆయన్ని భోజనానికి పిలిచాను. మా ఆవిడ రొయ్యల ఇగురు వడ్డించబోయింది.

"రొయ్య మాకు కూడదమ్మా. పొలుసూ రెక్కా ఉన్న చేపైతే తింటాం."

"అయ్యో రామ... అదే, అయ్యో ప్రభువా! మా వైపు వచ్చి రొయ్య తినకపోతే ఇంకేం తింటారండీ?" అని గుడ్లు ఉడకబెట్టి పెట్టింది.

కాలవ రేవు

మర్నాడు ఉదయం కాలవలో బాప్తిస్మాలు. చూస్తానంటే దానియేలు గారిని నేనే తీసుకెళ్ళాను. నడుం లోతు నీళ్ళలో మా పాస్టరు గారొకరు నిలబడి ఒక్కొక్కరినీ ముంచి లేపుతున్నారు. ఒక పెద్దామె రేవు మెట్లు దిగలేక భయపడుతూ ఉంటే, దానియేలు గారు వెళ్ళి ఆమె మోచెయ్యి పట్టుకున్నారు. ఆమె క్షేమంగా దిగింది. ఆయన కాలికింద పాకుడు. బూట్లతో, కళ్ళజోడుతో సహా జారి నీళ్ళలో పడిపోయారు. ఆయనకి ఈత రాదు. పాస్టరు గారు చొక్కా పట్టుకుని పైకి లేపారు. పొద్దుట్నుంచీ చేస్తున్న పని కదా, నోటి అలవాటు కొద్దీ "హల్లెలూయా!" అన్నారు. గట్టు మీదున్న జనమంతా "హల్లెలూయా!" అని అందుకున్నారు.

ఆయన నీళ్ళు కారుతూ పైకొచ్చి, "ఏందండీ, నన్ను గూడా మీ లెక్కలో కలిపేశారా?" అని నవ్వారు. మేమంతా కడుపుబ్బ నవ్వాం. "మేము తొయ్యలేదండి, దేవుడే తోసేడు" అని పాస్టరు గారు అంటే ఆయన ఇంకా గట్టిగా నవ్వారు.

జరిగింది అంతే.

అరుగు మీద పాఠాలు

ఆ తర్వాత బదిలీ అయి వెళ్ళేదాకా ఆయన తరచు ఆదివారం మధ్యాహ్నాలు మా ఇంటికి వచ్చేవారు. నా ఉద్యోగం నేను నేర్చుకున్నది ఆ మధ్యాహ్నాల్లోనే. మీకు పనికొచ్చేది ఈ భాగం.

ఒకసారి వంశావళి మీద వచ్చింది. "మెస్సీయ దావీదు వంశంలో పుట్టాలి. వంశం తండ్రి నుంచి వస్తుంది. యేసుకి యోసేపు కన్నతండ్రి కాదని మీరే అంటారు. మరి యోసేపు వంశావళి ఎందుకు రాసుకున్నారు?"

నేను పుస్తకాలు తిరగేస్తుంటే మా ఆవిడ అందుకుంది. "మా మావయ్యగారు దత్తత వెళ్ళేరండి. ఇంటిపేరు వచ్చింది, పొలమూ వచ్చింది. కొడుకు కాదని ఎవరైనా అన్నారా?"

"పొలం వస్తుందమ్మా. మా లెక్కలో సింహాసనం రాదు. దానికి రక్తం కావాలి."

"యోసేపు ఆయనకి పేరు పెట్టి, కొడుకని ఒప్పుకుని పెంచేడండి. మాకది చాలండి."

"మీకు చాలింది, మాకు చాల్లేదు. తేడా అక్కడుందని తెలిసిందిగా, సంతోషం" అన్నారాయన. తేడా ఎక్కడుందో తెలుసుకోవడమే సగం పని అని నాకు అప్పుడు తెలిసింది. నా స్టేజి యూదుడితో ఎప్పుడూ అక్కడిదాకా వెళ్ళలేదు.

సుందర్‌పాల్ అడిగిన సేవకుడి ప్రశ్న నేనే ఆయన ముందు పెట్టాను. నలభై తొమ్మిదో అధ్యాయంలో సేవకుణ్ణి ఇశ్రాయేలు అని పిలుస్తూనే, ఆ సేవకుడే ఇశ్రాయేలును దేవుని దగ్గరకు తిరిగి రప్పించాలని కూడా ఉంది. రప్పించేవాడు, రప్పించబడేవాళ్ళు ఇద్దరూ ఒకటే ఎలా అవుతారు? జాతి తరఫున నిలబడే ఒక్కడు కావాలి కదా? మన జవాబు ఇది. ఆయన జవాబు, జాతిలో నమ్మకంగా నిలిచిన కొద్దిమంది మిగతావాళ్ళని రప్పిస్తారని. ఆ జవాబుకీ బలముంది. రెండూ మీ విద్యార్థులకి చెప్పండి. ఒకటే చెబితే వాళ్ళు మొదటి నిజమైన యూదుడి ముందు నాలాగే చెయ్యెత్తుతారు.

వంతెన మాటకి మాత్రం నాకు చాలా వారాలు పట్టింది. ఒక ఆదివారం ఆయన రాగానే చెప్పాను.

"దానియేలు గారూ, వంతెన పూర్తి కాలేదండి. ఒప్పుకుంటున్నాను. యెషయా చెప్పిన శాంతి భూమ్మీద లేదు. కానీ ఆ కాంట్రాక్టరు చనిపోయి, మూడో రోజున లేచేడని చూసినవాళ్ళు చెప్పేరండి. ఆ సాక్ష్యం నమ్మేను. చావు దాటి వచ్చినవాడు ఏరు మీద వంతెన కూడా కడతాడని నమ్ముతున్నాను. ఆ లేవడం అబద్ధమైతే మీరు గెలిచేరండి, నేను పంటు ఎక్కేస్తాను."

"ఇది జవాబండీ" అన్నారాయన. "నేను ఒప్పుకోను. కానీ జవాబే. ఆ రోజు స్టేజీ మీద ఈ మాట అనొచ్చుగా?"

"ఆ రోజు నా దగ్గర లేదండి."

అవతలివాడి అభ్యంతరాన్ని మీ నోటితో చెప్పండి. "అవును, నేను అడిగేది ఇదే" అని అతను ఒప్పుకున్నాకనే జవాబు మొదలుపెట్టండి. ఇంకొక మాట. యూదులు గుడ్డివాళ్ళని, మొండివాళ్ళని మన ప్రసంగాల్లో తేలిగ్గా అనేస్తాం. నేనూ అనేవాణ్ణి. మా అరుగు మీద పరీక్ష పేపర్లు ముందేసుకుని, తప్పు చేసిన పిల్లాడు ఎక్కడ దారి తప్పాడో ఓపిగ్గా వెతికి, అక్కడిదాకా మార్కులు ఇచ్చే మనిషిని చూశాక నాకు ఆ మాట నోటికి రాలేదు.

రెండు ముక్కల వీడియో

ఆయన బదిలీ అయి వెళ్ళిపోయాక మాకు కొత్త ప్రిన్సిపాలు వచ్చారు. చురుకైనవారు. పైకప్పులు బాగుచేయించారు, దానికి దణ్ణం పెట్టాలి. ప్రచారం మీద మహా మోజు. సభల ప్రకటన కోసమని పాత వీడియోలు వెతికించి, రెండు ముక్కలు అతికించారు. మొదటి ముక్కలో దానియేలు గారు మైకు కింద పెట్టి వెళ్ళిపోవడం. రెండో ముక్కలో నీళ్ళలోంచి పైకి లేవడం, హల్లెలూయా. పైన 'ఓడిన యూదుడు, గెలిచిన సువార్త' అని పెద్దక్షరాలు.

"ఆయన జారిపడ్డారండి" అన్నాను.

"నాకు తెలుసండి. కానీ మేము బాప్తిస్మం అని ఎక్కడా రాయలేదు కదండీ? చూసినవాళ్ళు అనుకుంటే మనమేం చేస్తాం? పిల్లల విశ్వాసం బలపడుతోంది, అది చూడండి."

అబద్ధం రాయకుండా అబద్ధం చెప్పడం ఎలాగో ఆయన దగ్గర నేర్చుకోవచ్చు. కానీ తప్పు ఆయన మీదకు తోయను. ఆయన ఆ రేవు దగ్గర లేరు. నేనున్నాను. ఆ వీడియో చూసి రావులపాలెం నుంచి, రామచంద్రపురం నుంచి నన్ను సభలకి పిలిచారు. 'యూదుణ్ణి జయించిన దైవజనుడు' అని పరిచయం చేసేవారు. అలా కాదండి అని ఒక్క మాట అంటే సరిపోయేది. శాలువా కప్పుతుంటే తల వంచాను.

దానియేలు గారు మొదట్లో ఫోను చేసేవారు. తర్వాత మానేశారు. పని ఒత్తిడి అనుకున్నాను. అలా అనుకోవడం నాకు సుఖంగా ఉంది.

నా పేపరు దిద్దినవాడు

నేను పని మానేసిన కొన్నాళ్ళకి సుందర్‌పాల్ ఫోను చేశాడు. ఇప్పుడు తెనాలి దగ్గర పాస్టరుగా ఉన్నాడు.

"వందనాలండి మాస్టారూ. మీ వీడియో మా వైపు కూడా వచ్చిందండి."

"సంతోషం బాబూ."

"సంతోషం కాదండి. దానియేలు గారి ఊరు మాకు దగ్గరే. ఆయన్ని చిన్నప్పట్నుంచీ పెంచింది వాళ్ళ పెదనాన్న మోషే గారండి. వాళ్ళ ప్రార్థన ఇంటికి ఆయనే పెద్ద. ఆ వీడియో చూసిన దగ్గర్నుంచీ దానియేలు గారితో మాట్లాడటం మానేశారంట. శనివారం శనివారం లేఖనం చదివేది దానియేలు గారేనండి. చదవనివ్వట్లేదు. వెనకాల కూర్చుని వెళ్ళిపోతున్నారు. ఏడాది దాటిందండి."

"జారిపడ్డానని చెప్పుకోవచ్చు కదా?"

"చెప్పేరండి. బాప్తిస్మం తీసుకున్న ప్రతివాడూ ఇంటికొచ్చి జారిపడ్డాననే చెబుతాడన్నారంట పెద్దాయన."

నాకు నవ్వు రాలేదు. సుందర్‌పాల్, "మాస్టారూ, అప్పుడు నా పేపరు మీరు దిద్దేరు. ఇప్పుడు మీ పేపరు నేను దిద్దుతున్నాను. ఏమీ అనుకోకండి. మీరు రావాలండి" అన్నాడు.

ముందు ప్రిన్సిపాలు గారి దగ్గరికి వెళ్ళి ఆ వీడియో తీసెయ్యమన్నాను. తీసేశారు గానీ, అప్పటికే అది జనం ఫోనుల్లో కాపురం పెట్టేసింది. ఇంక మనిషి వెళ్ళాల్సిందే. మా ఆవిడ రొయ్యల పచ్చడి సీసా సంచిలో పెట్టి, నాలిక కరుచుకుని తీసేసి, పూతరేకులు పెట్టింది. "గొంతు జాగ్రత్త. నిజం చెప్పడానికి ఎక్కువ మాటలు అక్కర్లేదు" అని చెప్పి పంపించింది.

శనివారం

శుక్రవారం తెనాలి చేరి సుందర్‌పాల్ ఇంట్లో పడుకుని, శనివారం పొద్దున్నే ఇద్దరం ఆ ఊరు వెళ్ళాం. ప్రార్థన ఇల్లు చిన్న గది. ఒక పక్క టోపీలు పెట్టుకున్న మగవాళ్ళు, ఇంకో పక్క ఆడవాళ్ళు, ముందు ఎత్తుబల్ల మీద గ్రంథం. దానియేలు గారు ఆఖరి బెంచీ మీద ఉన్నారు. నన్ను చూసి సగం లేచి, మళ్ళీ కూర్చున్నారు.

ముందు కుర్చీలో ఉన్న పెద్దాయన తల తిప్పారు. మిరప చేలలో ఎండకి నల్లబడిన మనిషి. "ఎవరయ్యా?"

"కొత్తపేట నుంచి వచ్చేనండి. ఆ వీడియోలో స్టేజి మీద ఉన్నది నేనేనండి."

"ఓహో. గెలిచినాయన!"

"ఓడినాయన్నండి."

నా గొంతు బొంగురు కదా, అందరూ ముందుకు వంగి విన్నారు. దానియేలు గారు ఏం అడిగారో, నేనేం చెప్పానో, వంతెన మాటకి జనం ఎలా నవ్వారో చెప్పాను.

"మరి ఆ పాట ఎవరు ఎత్తమన్నారు?" అన్నారు మోషే గారు.

"నేనేనండి."

"ఎట్టా?"

"ఇలాగండి" అని చెయ్యెత్తి చూపించాను. ఆడవాళ్ళ వైపు నుంచి కిసుక్కున నవ్వు వచ్చింది. పెద్దాయన నవ్వలేదు.

"కాలవ సంగతి చెప్పు."

"ముసలావిడ పడిపోతుందని చెయ్యి పట్టుకున్నారండి. పాకుడుకి జారేరు. బూట్లు కూడా విప్పలేదండి. బాప్తిస్మానికి ఎవరూ బూట్లతో దిగరండి."

"మీ పాస్టరు చొక్కా పట్టుకుని లేపాడు గదా. హల్లెలూయా అని."

"పట్టుకోకపోతే మునిగిపోదురండి. ఆయనకి ఈత రాదు కదండీ."

మోషే గారు నేల వైపు చూశారు. "రాదు" అన్నారు. కాసేపటికి, "కొడుక్కి ఈత నేర్పమని మా పెద్దలు చెప్పారు. నేను నేర్పలా" అన్నారు.

తర్వాత నన్ను తేరిపార చూశారు. "ఇంత దూరం వచ్చావు గదా. మావాణ్ణి మీలో కలుపుకోవాలని లేదా నీకు?"

"ఉందండి. యేసే మెస్సీయ అని ఇప్పటికీ నమ్ముతున్నానండి. మీరు అడిగితే మీకూ చెబుతాను. కానీ మీ ఇంటి గురించి అబద్ధం ఊరంతా తిరుగుతుంటే ఊరుకున్నవాడి మాట మీరెందుకు వినాలండీ? ముందు ఇది చెప్పుకుందామని వచ్చేను."

"ఇట్టాగే మీ వాళ్ళ ముందు కూడా చెబుతావా?"

"చెబుతానండి. రాసి కూడా ఇస్తానండి." ఇప్పుడు మీరు చదువుతున్నది ఆ మాట మీద రాసినదే.

ఆయన దానియేలు గారి వైపు చూడలేదు. నా వైపే చూస్తూ, "వాణ్ణి వచ్చి చదవమను" అన్నారు.

నేను వెనక్కి తిరిగి, "దానియేలు గారూ, మిమ్మల్ని చదవమంటున్నారండి" అన్నాను.

దానియేలు గారు లేచారు. భుజాల మీది ప్రార్థన శాలువా సర్దుకుని, బెంచీల మధ్య నుంచి నడిచి ఎత్తుబల్ల దగ్గరికి వెళ్ళారు. చదవడం మొదలుపెట్టారు. నాకు హీబ్రూ రాదు. ఇన్నేళ్ళు యూదుల మీద పాఠం చెప్పినవాణ్ణి, ఆ భాష చెవిన పడటం అదే మొదలు. కాసేపు సాఫీగా సాగి, ఉన్నట్టుండి ఆగిపోయింది. చదివి ఏడాది దాటింది కదా, మాట తట్టలేదనుకుంటాను.

అన్నాళ్ళుగా ఆయనతో ఒక్క మాటా మాట్లాడని పెదనాన్న, కూర్చున్నచోటి నుంచే, గ్రంథం వైపు చూడకుండా, తర్వాతి మాట అందించారు. దానియేలు గారు ఆ మాట అందుకుని ముందుకి చదువుకుంటూ పోయారు.